ఆల్థాన్ అక్వినాసు

ప్రతి కథోలిక విచారణలోనూ ఒకాయన ఉంటారు. పూజ అయ్యాక జనమంతా టీ కప్పుల వైపు నడుస్తుంటే, ఈయన మాత్రం ఫాదర్‌గారు ఏ గుమ్మంలోంచి బయటికొస్తారో చూసుకుని అక్కడ నిలబడతారు. చేతిలో ఓ పుస్తకం, పుస్తకంలో ఓ వేలు. ఆ వేలు ఏ పేజీలో ఉందన్న దాన్నిబట్టి ఫాదర్‌గారికి ఆ ఆదివారం టిఫిను పదింటికా పన్నెండింటికా అన్నది తేలుతుంది. "ఫాదర్, ప్రసంగంలో కృపావరం గురించి మీరన్న ముక్క అగస్టీనుగారిదా, అక్వినాసుగారిదా? ఎందుకడుగుతున్నానంటే, ఇద్దరూ ఆ మాట అనలేదు."

సూరత్‌లో ఉంటూ మనకీ బాధ ఉండదనుకున్నాం. మా ఆల్థాన్‌కూ ఒకరు దొరికారు.

సొంతూరు గుంటూరు వైపు. హజీరాలో ఓ కర్మాగారంలో ఇంజనీరుగా చేసి రిటైరై, ఆల్థాన్‌లో ఏడో అంతస్తులో ఫ్లాటు కొనుక్కుని స్థిరపడ్డారు. సూరత్‌లో తెలుగువాళ్లంటే ఎక్కువమంది మరమగ్గాల పని వెతుక్కుంటూ తెలంగాణ నుంచి వచ్చిన పద్మశాలి కుటుంబాలే. వాళ్లు లింబాయత్, ఉధనా వైపు వాడలకు వాడలుగా ఉన్నారు, వాళ్లకు మార్కండేయుడున్నాడు, సంఘాలున్నాయి. తెలుగు మాట్లాడే కథోలికుడికి ఇక్కడ అంత బలగం లేదు. గుడికి వెళితే పూజ గుజరాతీలోనో ఇంగ్లీషులోనో. "మన దివ్యసత్ప్రసాద పాటలు ఓ నాలుగు పాడుకుందామంటే పక్కన గొంతు కలిపేవాడు లేడు తమ్ముడూ" అని ఓసారి అన్నారు. గొంతు కలిపేవాళ్లు లేని మనిషి వాదం కలిపేవాళ్లను వెతుక్కున్నారు. వాళ్లంతా చచ్చిపోయినవాళ్లు కావడం ఆయనకు పెద్ద సౌకర్యం.

ఆ పుస్తకాలకు చోటు కావాలి కదా. బీరువాలోంచి చీరలు మంచం కింది పెట్టెలోకి వెళ్లాయి, బీరువాలోకి బాల్తసార్ వచ్చారు. దేశమంతటికీ చీరలు పంపే ఊళ్లో చీరకు బీరువా లేకుండా పోయిన ఇల్లు అదొక్కటే అయ్యుంటుంది. ఆ స్విట్జర్లండు పెద్దమనిషి దేవుని మహిమ గురించి రాసింది ఇంగ్లీషులో ఏడు సంపుటాలు. మొదటి సంపుటం నలిగింది. మిగతా ఆరూ ఇవాళే ప్రెస్సు నుంచి వచ్చినంత ముద్దుగా ఉన్నాయి. కార్ల్ రానర్ పై అరలో ఉంటారు. ఆయన జర్మను వాక్యాలు ఎంత చుట్టూ తిరుగుతాయంటే, ఆయన అన్న హ్యూగో రానర్ (ఆయనా జెస్విటు పండితుడే) తమ్ముడి పుస్తకాలను ఎప్పటికైనా జర్మనులోకి అనువదిస్తానన్నాడని ఓ ఛలోక్తి ఉంది. మా సారు ఈ ఛలోక్తి చెప్పి తానే ముందు నవ్వుతారు. రానర్ విషయంలో ఆయన చదువు అంతవరకే అని నా అనుమానం.

చదవడంలో ఆయనకో పద్ధతుంది. మంచి మాట కనిపిస్తే ఎర్ర పెన్సిలు. ఎవరికి వినిపించాలో వాళ్ల పేరు పక్కనే తెలుగులో. పదిహేనో శతాబ్దపు థామస్ కెంపిస్ రాసిన క్రీస్తానుకరణం మొదటి అధ్యాయంలోనే, వినయం లేనివాడు త్రిత్వం గురించి ఎంత లోతుగా మాట్లాడితే మాత్రం ఏం లాభమని అడుగుతాడు. మా సారు దాని కింద రెండు గీతలు గీశారు. పక్కన "కొత్తగా వచ్చిన ఫాదర్‌గారికి" అని రాసి ఉంది.

పాఠకుల్లో కులాలున్నాయని ఆయన నమ్మకం. అగస్టీనుగారి ఆత్మకథలాంటి ఒప్పుకోలు పుస్తకంలో 13 భాగాలు. పక్కతోటలో బేరిపళ్లు దొంగిలించిన రెండో భాగం అందరూ చదువుతారు, తల్లి మోనికమ్మ చనిపోయే తొమ్మిదో భాగం దగ్గర కళ్లు తుడుచుకుని పుస్తకం మూసేస్తారు. ఆ తర్వాతే జ్ఞాపకం, కాలం, సృష్టి గురించిన గట్టి సరుకంతా. "నువ్వు తొమ్మిది దగ్గర ఆగినవాడివా, దాటినవాడివా?" అని ఆయన కొత్తవాళ్లను అడిగే తీరు చూస్తే పెళ్లిచూపుల్లో గోత్రం అడిగినట్టే ఉంటుంది. నేను ఏడు దగ్గర ఉన్నాను. ఇంకా మాట్లాడుతున్నారంటే ఆయన దయ.

అన్నిటికన్నా ముప్పు తెచ్చింది సుమ్మా. తోమా అక్వినాసుగారు 1265లో మొదలుపెట్టి 512 ప్రశ్నల వరకూ రాసి, పూర్తి చేయకుండానే వదిలేసిన గ్రంథం. అందులో ప్రతి అంశానికీ ఓ వరస ఉంది. ముందు తన అభిప్రాయానికి ఎదురొచ్చే అభ్యంతరాలన్నీ తనే చెబుతారు. తర్వాత "అయితే దీనికి విరుద్ధంగా" అంటూ ఒక ప్రమాణవాక్యం. ఆపైన తన సమాధానం. చివర ఒక్కో అభ్యంతరానికీ ఒక్కో జవాబు. ఎదుటివాడి వాదాన్ని వాడికన్నా బాగా చెప్పి మరీ కొట్టే మర్యాద అది. ఆ మర్యాద పుస్తకం దాటి వంటింట్లోకి వస్తే ఏమవుతుందో ఫిబ్రవరిలో తెలిసింది.

గుణదల మాత తిరునాళ్లకు విజయవాడ వెళ్దామన్నారు వాళ్లావిడ. ఏటా ఫిబ్రవరి 9 నుంచి 11 దాకా జరిగే పండగ, పుట్టింటి దారి కూడా అదే. సారు కుర్చీలో వెనక్కి వాలారు.

"వెళ్లకూడదనే తోస్తోంది. ఒకటి, దేవుడు అంతటా ఉన్నాడు కనుక విజయవాడలో ఎక్కువగా ఉండడు. రెండు, జనసమ్మర్దంలో ధ్యానం కుదరదు. మూడు, నా మోకాలు."

ఆవిడ కూర తరగడం ఆపలేదు. "అయితే దీనికి విరుద్ధంగా, నవజీవన్‌లో రెండు బెర్తులు తీసేశాను. నా సమాధానం, వెళ్తున్నాం. మీ మొదటి అభ్యంతరానికి జవాబు, దేవుడు అంతటా ఉన్నా మా అమ్మ విజయవాడలోనే ఉంది. రెండోదానికి, మీరు ఏకాంతంలో చేసేది కూడా నిద్రే. మూడోదానికి, మీది కింది బెర్తు."

అక్వినాసుగారి పద్ధతి ఆవిడకు పట్టుబడినంత శుభ్రంగా ఆయనకు పట్టుబడలేదని అప్పుడే గ్రహించాను. ఇంకో సంగతి. 1273 డిసెంబరు 6న పూజలో ఏదో అనుభవం కలిగాక అక్వినాసుగారు కలం పక్కన పెట్టేసి, తాను రాసిందంతా గడ్డిపరకల్లా కనిపిస్తోందన్నారని చెబుతారు. సారు ఈ కథను గద్గద స్వరంతో చెబుతుంటే ఆవిడ విన్నారు. "మరి ఆ గడ్డి కోసమా నా చీరలు మంచం కిందికి తోశారు?" అన్నారు. దీనికి పండితలోకంలో ఇంతవరకూ జవాబు రాలేదు.

సిలువ యోహానుగారు చేతికి వచ్చిన ఏడాది ఇల్లంతా చీకటి. తన మఠం వాళ్లే 1577లో పట్టుకెళ్లి టొలెడోలో గాలి ఆడని గదిలో తొమ్మిది నెలలు బంధిస్తే, ఆ గదిలోనే గొప్ప గీతాలు కట్టుకున్న మహానుభావుడాయన. ఆత్మకు పట్టే చీకటి రాత్రి గురించి ఆయన చెప్పింది సామాన్యమైన సంగతి కాదు. మా సారు మాత్రం ఉదయం తొమ్మిదికే ఆ రాత్రిలోకి వెళ్లేవారు. "ప్రార్థనలో రుచి లేదు తమ్ముడూ, గుండెలో ఏదో మంట, ఇదే ఆ రాత్రి." ఆవిడ మాత్రం ఆదివారాలు ఆయన రెండు ప్లేట్లు లాగించే లోచో మీద అనుమానపడ్డారు. ఉడికించిన శనగపిండి మీద నూనె, సేవు, పచ్చి ఉల్లిపాయ. సూరతీ కడుపులు వేరు, మనవి వేరు. తమాషా ఏమిటంటే యోహానుగారి పక్షం కూడా ఆవిడదే. ఆ శుష్కత్వం దేవుడు పెట్టిందా, ఒంట్లో బాగాలేకనో దిగులు స్వభావం వల్లనో వచ్చిందా అని తేల్చుకోవడానికి ఆయన మూడు గుర్తులు రాసి పెట్టారు. ఆ పేజీలో మాత్రం ఎర్ర గీత లేదు.

ఎదుటి ఫ్లాటు జైనుల పెద్దాయనతో జరిగింది ఇంకా బాగుంది. ఓ సాయంత్రం మా సారు లిఫ్టు దగ్గర ఆయన్ను ఆపి ఇంద్రియ నిగ్రహం మీద, ఈజిప్టు ఎడారిలో రొట్టె ముక్కతో బతికిన మునుల మీద దాదాపు గంటసేపు హిందీలో వ్యాఖ్యానం చేశారు. పెద్దాయన గోడకు ఆనుకుని చేతులు జోడించి విన్నారు. చివర సారు "లోపలికి రండి, టీ తాగుదాం" అన్నారు. అప్పుడు తెలిసింది, అది జైనుల పర్యూషణ్ పండగ అని, పెద్దాయనకు అట్ఠాయి ఉపవాసంలో ఆరో రోజని. అంటే ఆరు రోజులుగా కాచిన నీళ్లు తప్ప ఏమీ లేవు, ఆ నీళ్లూ పొద్దు గూకితే లేవు. "చాలా మంచి మాటలు చెప్పారు" అని ఆయన మనస్ఫూర్తిగానే అని వెళ్లారు. ఆవిలా తెరేజమ్మగారు ఆత్మను ఏడు నివాసాల కోటగా వర్ణించారు, సారు తాను నాలుగో దాంట్లో ఉన్నానని నమ్ముతారు. ఆ వారమంతా ఎవరితోనూ నివాసాల ఊసెత్తలేదు.

ఇలా రాస్తున్నానని ఆయన్ను తీసిపారేయకండి. మా గుడిలో మిగతా మగవాళ్లం చదివేది ఆదివారం కరపత్రం, అదీ ప్రసంగం వేళ. సూరత్‌ను ఆయన ప్రేమించేది కూడా చదువు మూలంగానే. 1664లో శివాజీ సేనలు ఈ ఊరిని దోచుకున్నప్పుడు ఫాదర్ ఆంబ్రోజ్ అనే ఫ్రెంచి కపూచిన్ గురువు ఉన్న ఇంటి జోలికి మాత్రం వెళ్లలేదని యాత్రికుడు బెర్నియే రాశాడు. సారు ఈ మాట చెప్పేటప్పుడు ఆంబ్రోజ్‌గారు మా సొసైటీ బి వింగులో అద్దెకున్నట్టే ఉంటుంది.

ఈ చదువుకు అసలు దెబ్బ మూడో అంతస్తు గుజరాతీ టీచరమ్మ దగ్గర తగిలింది. సారు చేతిలో తెరేజమ్మ పుస్తకం చూసి, "స్పెయిన్ వాళ్లను చదువుతారా కాకా? అయితే మా ఫాదర్ వాలేస్‌ను చదివే ఉంటారు" అంది. సారు బిక్కమొహం వేశారు. 1949లో స్పెయిన్ నుంచి వచ్చిన జెస్విటు, అహ్మదాబాద్‌లో లెక్కల మాస్టారు. 1960లో 'సదాచార్' మొదలుకొని గుజరాతీలో పుస్తకం మీద పుస్తకం రాశారు. పోళ్లనే పాత ఊరి ఇరుకు వాడల్లో మధ్యతరగతి ఇళ్లకు వెళ్లి ఆశ్రయమడిగి, ఇంటికి కొన్నాళ్ల చొప్పున ఏళ్ల తరబడి వాళ్లతోనే బతికారు. 1978లో గుజరాతీ సాహిత్యంలో పెద్ద గౌరవమైన రంజిత్‌రామ్ సువర్ణ చంద్రకం అందుకున్నారు. గుడి ముఖం చూడని గుజరాతీలు కూడా ఆయన వ్యాసాలతో పెరిగారు. ఇన్నేళ్లు గుజరాత్‌లో ఉండి మా సారు గుజరాతీలో చదివింది సిటీ బస్సు బోర్డులు, అవీ అంకెలు మాత్రమే.

అహం దెబ్బతిన్నా బుద్ధి దెబ్బతినలేదు. ఇప్పుడు రోజూ సాయంత్రం టీచరమ్మ ఇంట్లో, ఆవిడ రెండో తరగతి పిల్లాడి పక్కన కూర్చుని అక్షరాలు దిద్దుతున్నారు. ఎర్ర పెన్సిలు టీచరమ్మ చేతికి వెళ్లింది. మొన్న పలకరిద్దామని వెళితే పలక మీంచి తలెత్తి నన్ను చూశారు.

"మూడు ఒకటెలా అవుతుందో అక్వినాసుగారు చెప్పారు తమ్ముడూ. ఈ లిపిలో 'ప' అక్షరం, అయిదంకె ఒకేలా ఉన్నాయి. ఇదెలాగో ఎవరు చెబుతారు?"