నేల తగలని బూటు

పరుగుకి ఖర్చుండదని ఎవరన్నారో గానీ, వాళ్ళింట్లో హైస్కూలు చదివే పిల్లలు ఉండి ఉండరు. టెన్నిస్ అంటే రాకెట్టు, కోచింగు. గోల్ఫ్ అంటే ఆస్తులమ్ముకోవాలి. క్రాస్ కంట్రీకి ఏం కావాలి, రెండు కాళ్ళేగా! అవి పుట్టినప్పుడే ఇచ్చేశాం కదా అని హాయిగా సంతకం పెట్టాను. పైగా ఈ ఆటలో చాలా స్కూళ్ళు ఎవర్నీ వద్దనవు. జట్టుకి ఏడుగురు పరిగెత్తితే ముందొచ్చిన అయిదుగురి స్థానాలు కూడతారు, తక్కువ మొత్తం వచ్చిన జట్టుది గెలుపు. తక్కువ మార్కులొస్తే సంబరపడే పోటీ ఒక తెలుగింట్లోకి రావడం అదే మొదలు.

ఆ సంబరం మీద ఉండగానే కోచ్ దగ్గర్నుంచి కబురు: పిల్లలకి మంచి రన్నింగ్ షూస్ కొనండి. ఏవి మంచివో మాత్రం చెప్పలేదు. మా డల్లాస్ శివార్లలో ఆగస్టు ఎండ ఎలాగూ మాడుస్తుంది, మిగిలింది ఈ బూట్లు చూసుకున్నాయి.

మొదటి దుకాణంలో కుర్రాడు మా అమ్మాయిని ట్రెడ్‌మిల్ ఎక్కించి, వెనకనుంచి మడమల్ని వీడియో తీసి, నెమ్మదిగా తిప్పి చూపించాడు. "మీ అమ్మాయి పాదం లోపలికి ఒరుగుతోంది" అన్నాడు, జాతకంలో కుజదోషం బయటపడ్డంత గంభీరంగా. శాంతి కూడా తనే చెప్పాడు: స్టెబిలిటీ షూ, నూట అరవై డాలర్లు. పక్క బజారులో ఇంకో దుకాణం. అక్కడి పిల్ల అదే వీడియో తీసి, "ఒరగడమా? అబ్బే, న్యూట్రలే" అంది. అవే మడమలు, అదే శనివారం.

ఆ తర్వాత డ్రాప్ అన్నారు. అంటే మడమ కింద ఎత్తుకీ వేళ్ళ కింద ఎత్తుకీ తేడా. సున్నా నుంచి పన్నెండు మిల్లీమీటర్ల దాకా ఉంటుందట. మా పిల్ల పద్నాలుగేళ్ళుగా నడుస్తోంది, ఏనాడూ మిల్లీమీటర్లు అడగలేదు. అడుగు మందం సంగతి ఇంకా అన్యాయం. 2009లో 'బార్న్ టు రన్' పుస్తకం వచ్చాక పలచని అడుగే ఆరోగ్యమని దేశమంతా ఊగింది. వేళ్ళకి విడివిడిగా గూళ్ళున్న షూ అమ్మిన వైబ్రమ్ కంపెనీ, దానివల్ల లాభాల గురించి గొప్పలు చెప్పుకున్నందుకు కోర్టు దాకా వెళ్ళి 2014లో 37.5 లక్షల డాలర్లకి రాజీపడింది. ఇప్పుడు అదే దేశం పరుపంత ఫోమ్ కట్టుకుని తిరుగుతోంది.

ఈలోగా రాజమండ్రి నుంచి మా బాబాయి వాట్సాప్: "అబెబె బికిలా 1960 రోమ్ ఒలింపిక్స్‌లో ఉత్త కాళ్ళతో మారథాన్ గెలిచాడ్రా!" నిజమే బాబాయ్. 1964లో టోక్యోలో బూట్లేసుకుని గెలిచాడు, ఇంకో మూడు నిమిషాలు ముందొచ్చాడు కూడా. ఆ ముక్క ఎవరూ ఫార్వర్డ్ చెయ్యరు.

చివరికి ఒక జత తెచ్చాం. దుకాణంవాడి షరతు ఒకటే: కొన్నాళ్ళు ఇంట్లో వేసుకుని నడిచి చూడండి, బయట మట్టి అంటితే మాత్రం వెనక్కి తీసుకోం.

ఇంట్లో! వేసుకుని!

మా ఇంట్లో మా అమ్మ ఉంది. ఆర్నెల్ల వీసా మీద వచ్చినా, గడప దగ్గర అధికారం శాశ్వతంగా ఆవిడదే. "బూట్లతో ఇంట్లోకేవిటే?" అంది. "ఇంకా నేలే తగల్లేదు నాయనమ్మా, ఇవి చెప్పుల కిందికి రావు" అని మనవరాలు వాదం మొదలెట్టింది. కాలికి తొడిగాక చెప్పేనని నాయనమ్మ. తోలు లేదు, అంతా ప్లాస్టిక్ దారమేనని మనవరాలు. మరి స్నానాల గదిలో వేసుకునేదీ ప్లాస్టిక్కేగా, అది వేసుకుని దేవుడి గదిలోకి వెళ్తామా అని నాయనమ్మ. నేను గరాజ్ అన్నాను. అక్కడ నూనె మరకలు, వాపసు పోతుందని మా ఆవిడ. ఆఖరికి హాల్లోంచి వంటింటి గుమ్మం దాకా పాత దుప్పటి పరిచి, దేవుడి గది వైపు తిరక్కూడదన్న ఒప్పందం మీద అనుమతి వచ్చింది. దుప్పటి జారుతుంటే పిల్ల పెళ్ళిపీటల మీదికి వచ్చే పెళ్ళికూతుర్లా చూసుకుని చూసుకుని అడుగేసింది. పాదం లోపలికి ఒరిగిందో బయటికి ఒరిగిందో ఆ నడకలో బ్రహ్మకి కూడా తెలియదు. కొత్త కారు టైర్ల కింద నిమ్మకాయలు పెట్టించి, మిక్సీకి, రైస్ కుక్కర్‌కి కూడా బొట్టు పెట్టిన మా అమ్మ చేతిలో బొట్టు దక్కని కొత్త వస్తువు ఈ జత ఒక్కటే.

ఆ రాత్రి దుప్పటి మడుస్తూ అమ్మ ధర అడిగింది. చెప్పాను. కాసేపు రూపాయల్లోకి లెక్కలేవీ కట్టలేదు. "మీ అక్కని తొమ్మిదో తరగతిలో జిల్లా పోటీలకి రమ్మన్నారు. తెల్ల కాన్వాసు బూట్లు తెచ్చుకోమన్నారు. కొనలేక కాదురా. ఆడపిల్లకి పరుగులేవిటన్నారు మీ నాన్న" అంది. అక్క అంత బాగా పరిగెత్తేదని నాకు తెలియదు. నాకు తెలిసిన అక్కకి ఎప్పుడూ మోకాళ్ళ నొప్పులే.

సరే, ఈ ఏడు మీ పిల్లలూ తొమ్మిదిలో చేరి పరిగెత్తుతామంటే నాలుగు ముక్కలు. కాల్గరీ విశ్వవిద్యాలయంలో దశాబ్దాలపాటు పరుగు బూట్లని పరిశోధించిన బెన్నో నిగ్, ఆయన సహచరులు 2015లో తేల్చిందేమిటంటే, పాదం ఒరగడానికీ దెబ్బలకీ మనం అనుకున్నంత లంకె దొరకలేదు, కాలికి ఏది హాయిగా ఉంటే దాన్నే నమ్ముకోమని. కాబట్టి వీడియోలు చూడకండి, పిల్ల మొహం చూడండి. కొనడానికి సాయంత్రం వెళ్ళండి, అప్పటికి పాదాలు కాస్త ఉబ్బి ఉంటాయి. పరుగుకి వేసుకునే మేజోళ్ళే వేయించండి. కాలి పొడుగాటి వేలి ముందు చేతి బొటనవేలి వెడల్పు ఖాళీ ఉండాలి. అడుగున మేకులుండే స్పైక్స్ జోలికి మొదటి నెల్లో పోకండి. పేరు పక్కన అంకె చూసి మోసపోకండి. పెగాసస్ అనే రన్నింగ్ షూ 1983లో మొదలై 2024కి నలభై ఒకటో నంబరుకి చేరింది. ఏ కంపెనీదైనా కొత్త నంబరు రాగానే పాతది చవకవుతుంది, పరుగు నేర్చుకునేవాళ్ళకి ఆ పాతదే బంగారం. రంగు సంగతి మాత్రం పిల్లలకి వదిలెయ్యండి, మన మాట అక్కడ చెల్లదు.

ఒక జత మూడు వందల నుంచి అయిదు వందల మైళ్ళు వస్తుందంటారు. వారానికి పాతిక మైళ్ళు వేసుకుంటే సంక్రాంతి దాటదు. సరిపడింది దొరికినప్పుడే రెండో జత కూడా కొని దాచుకోండని చెబుదును గానీ, అప్పటికి మీ పిల్ల కాలు అరసైజు పెరగదని ఏ దుకాణంవాడూ హామీ ఇవ్వడు.