ఊర్మిళకి నైట్ డ్యూటీ పడితే

మా అపార్ట్‌మెంట్‌లో పగలు పదింటికి తలుపులు బిగించుకుని పడుకునేదాన్ని నేనొక్కదాన్నే. అందుకని నా గురించి మెట్ల దగ్గర ఒక అభిప్రాయం ఎప్పుడో ఖరారైపోయింది. ఎదురింటి పిన్నిగారు మధ్యాహ్నం మూడింటికి కనపడి "ఏమ్మా, ఇప్పుడే లేచావా?" అంటారు. ఆ 'ఇప్పుడే'కి ఆవిడ తీసే దీర్ఘం గుంటూరు దాకా వినపడుతుంది. రాత్రి ఎనిమిది నుంచి పొద్దున ఎనిమిది దాకా సూర్యారావుపేట ఆసుపత్రిలో నర్సు డ్యూటీ చేసొచ్చానని ఆవిడకి తెలియక కాదు. పగటి నిద్రకి లోకంలో మర్యాద లేదు, అంతే. రాత్రి రెండింటికి ఎవరికైనా ఫోన్ చేసి "పర్సనల్ లోన్ కావాలా మేడమ్?" అని అడిగి చూడండి, ఏమవుతుందో. నన్ను పగలు పదకొండింటికి ఎవరైనా అడగొచ్చు.

రాత్రి మేలుకోవడానికి జీతమిస్తారు, అది ఉద్యోగం. పగలు నిద్రపోవడం ఉద్యమం.

పొద్దున డ్యూటీ వాళ్ళకి పేషెంట్లని అప్పగించి ఇల్లు చేరేసరికి తొమ్మిదిన్నర. అప్పుడు తినే ఇడ్లీ టిఫినో, రాత్రి భోజనమో నా కడుపు ఇంకా తేల్చుకోలేదు. కిటికీకి పాత దుప్పటి కట్టి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి నడుం వాలుస్తానా, చెత్తబండి పాట. అది వీధి మలుపు తిరిగేలోగా మైకులో "పాత ఇనుప సామాన్లు కొంటాం, పాత కూలర్లు కొంటాం". అది రికార్డు చేసిన గొంతు కాబట్టి దానికి అలుపూ లేదు, దాహమూ వెయ్యదు. తరవాత పై ఫ్లాట్ మిక్సీ, పక్క ఫ్లాట్ కుక్కర్. విజిళ్ళు లెక్కపెట్టి వాళ్ళింట్లో పప్పో, మాంసమో చెప్పగలను. ఇక మే నెలలో కరెంటు పోయిందా, బెజవాడ ఎండ దుప్పటిని కూడా దాటుకుని లోపలికొచ్చి కూర్చుంటుంది. మొన్న కొరియర్ అబ్బాయి తలుపు కొట్టి "ఓటీపీ చెప్పండి మేడమ్" అన్నాడు. "ముందు బెడ్ నంబర్ చెప్పు" అన్నాను. పాపం, పార్సిల్ అక్కడే పెట్టి వెళ్ళిపోయాడు.

ఫ్లోరెన్స్ నైటింగేల్ 1859లో అచ్చేసిన 'నోట్స్ ఆన్ నర్సింగ్'లో చప్పుడు గురించి ఏకంగా ఒక అధ్యాయమే రాసింది. అనవసరపు చప్పుడు రోగికి ఎంత చేటో చెప్పింది, మొదటి నిద్రలో మనిషిని లేపొద్దంది. ఆ పుస్తకం మా వీధి దాకా రాలేదు.

లక్ష్మణుడు వనవాసంలో పద్నాలుగేళ్ళు కన్ను మూయలేదట. నిద్రాదేవిని బతిమాలి తన వాటా నిద్ర ఊర్మిళకి ఇప్పించాడని మన ఆడవాళ్ళ పాటలు చెబుతాయి. మా ఇంట్లో ఆ ఏర్పాటు నేటికీ అమల్లో ఉంది, పాత్రలే తారుమారు. నా వాటా కూడా మావారే పడుకుంటారు. నాకు నైట్స్ పడ్డ వారం పాలవాడు బెల్లు కొట్టీ కొట్టీ ప్యాకెట్ గేటుకి తగిలించి పోతాడు. "రాత్రి ఒళ్ళెరగకుండా పట్టేసిందోయ్" అంటారాయన, ఆ కష్టమంతా నా కోసమే పడ్డట్టు. అయినా లక్ష్మణస్వామికి మాత్రం ఏం? విల్లు పట్టుకుని నిలబడితే సరిపోయింది. గంటగంటకీ సీతారాముల బీపీ చూసి చార్టులో ఎక్కించి సంతకం పెట్టమని ఎవరూ అడగలేదు కదా!

2017లో ముగ్గురు అమెరికన్ శాస్త్రవేత్తలకి నోబెల్ వచ్చింది. ఒంట్లో ఉండే గడియారం ఎలా నడుస్తుందో పండ్ల మీద వాలే ఈగల్లో పట్టుకున్నందుకు. ఆ గడియారం ప్రకారం తెల్లవారుజామున నాలుగు, ఐదు గంటల ప్రాంతంలో ఒంటి వేడి అట్టడుక్కి దిగుతుంది, మెదడు దుకాణం కట్టేస్తానంటుంది. సరిగ్గా అప్పుడే నేను సెలైన్ చుక్కలు లెక్కపెట్టాలి. 500 ఎం.ఎల్. బాటిల్ ఐదు గంటల్లో ఎక్కాలి. మా దగ్గరుండే సెట్‌లో ఎం.ఎల్.కి 20 చుక్కలు, అంటే నిమిషానికి 33. మసక దీపం, ఏసీ చలి, కళ్ళెదుట టప్, టప్ మని రాలే చుక్క. మనిషిని జోకొట్టడానికి ఇంతకన్నా మంచి సాధనం ఇంకా ఎవరూ కనిపెట్టలేదు. ఇరవై ఆరు, ఇరవై ఏడు, ఇరవై... మళ్ళీ ఒకటి నుంచి. ఒంటికాలి మీద నిలబడి లెక్కపెట్టమని మా సీనియర్ సిస్టర్ చిట్కా చెప్పింది. పనిచేస్తుంది. కాకపోతే మంచం కింద చాప మీంచి తల ఎత్తిన పేషెంట్ తాలూకు ముసలమ్మ, స్టాండు పక్కన ఒంటికాలి మీద ఉన్న నన్ను చూసి దణ్ణం పెట్టింది. ఆ తరవాత ఆవిడకీ నిద్ర రాలేదు. "మీదే ఊరు నర్సమ్మా? పిల్లలెంతమంది? రాత్రుళ్ళు మీ ఆయన ఒప్పుకుంటాడా?" ఒప్పుకోవడమేమిటి మామ్మా, గురకపెట్టి మరీ ఆమోదిస్తున్నాడు.

మాకు కొన్ని పట్టింపులు ఉన్నాయి. రెండు దాటాక టీ ముట్టను. అప్పుడు తాగిన టీ వార్డులో పనిచేయదు, ఇంటికెళ్ళి పడుకున్నాక మొదలెడుతుంది. ఒంటిగంట బాక్సులో పెరుగన్నం ఉండకూడదు. అన్నిటికన్నా ముఖ్యం, 'ఇవాళ ప్రశాంతంగా ఉంది' అనే మాట ఎవరి నోటా రాకూడదు. కొత్తగా చేరిన పిల్ల ఒకత్తి, చెబుతూనే ఉన్నా, "అక్కా, భలే సైలెంట్‌గా ఉంది కదూ" అనేసింది. లిఫ్ట్ తలుపు తెరుచుకుంది. స్ట్రెచర్. దాని వెనకే ఇంకో స్ట్రెచర్. అదే సమయానికి నాలుగో బెడ్ తాతగారు వేలికున్న క్లిప్పు పీకి దిండు కింద దాచుకున్నారు, మానిటర్ ఒకటే కూత. ఆ పిల్ల ఇప్పుడు నైట్‌లో వాతావరణం గురించి కూడా మాట్లాడదు.

ఆరింటికి నోట్స్ రాయాలి. 'పేషెంట్ స్లెప్ట్ వెల్' అని రాస్తుంటే, నిజం చెప్పొద్దూ, కాస్త కడుపు మండుతుంది.

ఇంతా చేసి, నైట్స్ అయిపోయి ఆఫ్ వచ్చిన రాత్రి నిద్ర రాదు. పన్నెండు, ఒంటిగంట, రెండు. కళ్ళు పత్తికాయల్లా విచ్చుకుని ఉంటాయి. పక్కన మావారి ఛాతీ లేచి పడుతుంటే చెయ్యి దానంతటదే వాచీ వైపు పోతుంది. ఆయన ఓ కన్ను తెరిచి, "ఏం చేస్తున్నావే?" అన్నారు.

"రెస్పిరేషన్ చూస్తున్నా. పదహారు."

"రాసుకో," అని అటు తిరిగి పడుకున్నారు.

వంటింట్లోకెళ్ళి కూర్చుంటే, మంచినీళ్ళ కోసం వచ్చిన అత్తయ్య లైటు వేసి, "ఎలాగూ మేలుకునే ఉన్నావుగా అమ్మాయ్, ఒకసారి నా బీపీ చూడు," అన్నారు. మిషన్ తెచ్చి చూశాను. నూట ముప్పై బై ఎనభై.

"బాగానే ఉందత్తయ్యా."

"ఎందుకుండదు మరి? నేను తొమ్మిదింటికల్లా పడుకుంటాను. నువ్వూ వేళకి పడుకోవడం అలవాటు చేసుకో."