బానెట్ పెద్దమనిషి

పుల్లలచెరువు సెంటర్లో తెల్లారుతూనే ఏ బొలెరోనో, ఏ పాత స్విఫ్టో సెల్ఫ్ అందుకుని టకటకమన్నదంటే, డ్రైవరు కిందికి దిగకముందే బానెట్ మీద ఒక చెయ్యి పడుతుంది. రెండో చేతిలో టీ గ్లాసు. ఆ చేతుల తాలూకు మనిషి మెకానిక్ కాదు, ఆ సంగతి అందరికీ ఎరికే. అయినా తల కాస్త పక్కకు వాల్చి, కళ్లు మూసి, "రేజ్ చెయ్యబ్బాయ్... ఇంకొంచెం... చాల్చాలు" అంటాడు. రెండు గుక్కల తర్వాత తీర్పు వస్తుంది: "ట్యాపెట్లు." బండి ముసలిదైతే, "రాడ్డు బేరింగు పోయింది, ఇంజన్ దించాల్సిందే." తెలియదన్న మాట ఆయన నోట ఇంతవరకు ఎవరూ వినలేదు. ఈ మనిషిని చూసి నవ్వుకోవడం ఊరికి అలవాటే. నవ్వుకోవచ్చు కూడా. కాకపోతే ఆయన నోటికి పడాల్సిన నవ్వు చెవికి కూడా పడిపోతోంది, అది అన్యాయం. సాక్షిగా ఆయన్ని మించినవాడు దొరకడు; జడ్జి కుర్చీలో కూర్చున్నప్పుడే జేబులు చిల్లు పడతాయి.

పడమటి ప్రకాశంలో చెవికి పనెక్కువ. నీళ్లు పాతాళానికి దిగిన నేల ఇది. స్టార్టర్ డబ్బా గుర్రుమనే తీరును బట్టి ఒక ఫేజు పోయిందని, గొట్టం గాలి కక్కే చప్పుడును బట్టి బోరు ఒట్టిపోతోందని గట్టు మీద కూర్చునే చెప్పే రైతులున్నారు. మార్కాపురం పలకనైనా వేలితో తట్టి చూస్తే పగులున్నదీ లేనిదీ మోతలోనే తేలుతుంది. ఇట్లాంటి చోట పెరిగిన చెవిని తీసిపారెయ్యలేం. పైగా టకటకల్లో ఒక మాయదారి రకం ఉంది. ఇంజన్ పొగను బయటికి పంపే మ్యానిఫోల్డ్ దగ్గర గ్యాస్కెట్ కాస్త చెడితే, ఇంజన్ చల్లగా ఉన్నంతసేపు ఆ సందులోంచి పొగ తన్నుకొచ్చి అచ్చం ట్యాపెట్ మాదిరే కొడుతుంది. ఇనుము వేడెక్కి సాగితే చాలాసార్లు ఆ సందు దానంతటదే మూసుకుంటుంది. బండి వై.పాలెం మీదుగా మార్కాపురం షెడ్డుకు చేరేసరికి ఇంజన్ మౌనవ్రతం పట్టిన సన్యాసిలా ఉంటుంది. మెకానిక్ ఓనరు ముఖం చూస్తాడు, ఓనరు బానెట్ ముఖం చూస్తాడు. హైడ్రాలిక్ ట్యాపెట్లున్న బండ్లదీ ఇదే వరస: రాత్రంతా కిందికి జారిన ఆయిలు పైకెక్కేదాకా టకటక, ఎక్కాక ఏమీ ఎరగనట్టు ఊరుకుంటాయి. ఇప్పుడు స్కానర్లొచ్చాయి కదా, ఈ చెవులెందుకు అనేవాళ్లున్నారు. సెన్సర్లు చెప్పిందే స్కానర్ చదువుతుంది. కాస్త వదులైన ట్యాపెట్‌కు డాష్‌బోర్డులో ఏ లైటూ వెలగదు. పొద్దుటి చప్పుడు విన్నవాడు సెంటర్లో టీ తాగుతున్న ఆ పెద్దమనిషి ఒక్కడే.

మరి తీర్పు దగ్గర ఎందుకు బోల్తా పడతాడు? అది ఇంజన్‌లోంచి కాక, ఎప్పుడో తను కట్టిన బిల్లులోంచి వస్తుంది కాబట్టి. ట్రాక్టరు బేరింగు పోయి మిరపకాయల డబ్బంతా షెడ్డులో పోసొచ్చినవాడికి లోకంలో ప్రతి టకటకా బేరింగే. ఆయన చెప్పింది చాలాసార్లు నిజమైంది కదా అంటారు. అయింది. ట్యాపెట్ల రోగం మామూలుది, ఎవరు ఏ బండికి చెప్పినా కొన్ని తగులుతాయి. తగలనివాటి ఖర్చే ఎవరూ లెక్క రాయరు. అసలు విడమర్చి చూసే దారి ఉంది. ఐడిలింగులో ఇంజన్ నిమిషానికి 800 చుట్లు తిరిగితే, వాల్వులను తెరిచే క్యామ్‌షాఫ్ట్ తిరిగేది 400 చుట్లే. అందుకే ఒక్క ట్యాపెట్ కొడితే సెకనుకు ఆరేడు దెబ్బలు, సన్నగా వినిపిస్తాయి. రాడ్డు బేరింగు దెబ్బ లావుగా, లోపలి నుంచి వస్తుంది, బరువు పడేకొద్దీ హెచ్చుతుంది. డీజిల్ బండి ఇంజెక్టర్ల టకటక రోగమే కాదు, దాని నైజం. బండి ఆగగానే చప్పుడూ ఆగిందంటే, దోర్నాల ఘాటులో టైరు గాడిలో ఇరుక్కున్న రాయిని కూడా అనుమానించాలి. అన్నిటికంటే ముందు గేజు కమ్మి లాగి ఆయిలు చూడాలి. ఆ పని మన పెద్దమనిషి ఎన్నడూ చెయ్యడు. ఒక చెయ్యి బానెట్ మీద, ఒక చెయ్యి గ్లాసు మీద ఉన్నవాడు కమ్మి దేంతో లాగుతాడు?

చోటు తేల్చడం ఇంకో చిక్కు. ఇనుము చప్పుణ్ణి మోసుకుపోతుంది, కుడి పక్క రోగం ఎడమ పక్క మూలుగుతుంది. 1816లో పారిస్‌లో లేనెక్ అనే డాక్టరు కాగితాన్ని గొట్టంలా చుట్టి గుండె చప్పుడు విన్నాడు, స్టెతస్కోపు అట్లా పుట్టింది. షెడ్డులో పొడవాటి స్క్రూడ్రైవరు మొన వాల్వు కవరుకు ఆనించి, పిడి చెవికి నొక్కుకునే మెకానిక్ చేసేదీ అలాంటి పనే. బానెట్ మీద చెయ్యేసి వినడం చొక్కా మీద నుంచి నాడి చూడటమే.

ఆయన ఏదో సెకండ్ హ్యాండ్ బండ్ల బ్రోకరు మనిషని, అందుకే బండి మీద మనసు విరిచేస్తాడని కొందరి గుసగుస. ఇది మాత్రం నమ్మబుద్ధి కాదు. బ్రోకరైతే బేరం కుదిరే బండ్లనే ఎంచుకునేవాడు. ఈయన ఫైనాన్సు వాళ్లు కూడా తీసుకుపోకుండా వదిలేసిన ఆటోకూ అంతే శ్రద్ధగా చెవి ఒగ్గుతాడు. కాబట్టి ఆయన్ని "ఏం పోయింది బాబాయ్" అని అడక్కుండా, "ఎప్పుడు మోగింది, రేజ్ చేస్తే హెచ్చిందా, ఎంతసేపటికి ఆగింది" అని అడిగి, జవాబులు చీటీ మీద రాసుకుని షెడ్డుకు పోవడం మేలు. మూడింటికీ పొల్లు పోకుండా చెప్తాడు. చీటీ మడిచేలోపు అడగని నాలుగోదీ చెప్తాడు: "ఇంతకీ, అమ్మే ఉద్దేశం ఉందా అబ్బాయ్?"