పాత జీపు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

బండి బాగుంది; యొకచేతి బండి, సారు!
పేపరంతయు సిద్ధమే, పేరు మార్పు
వారమందున నగునండి, బాబు, రండి;
నమ్మకమె గాక కాగితాల్ నడచునొక్కొ!

అవతారిక

ఇది తేటగీతి. కవి పేరు ఏ ప్రతిలోనూ దొరకదు. ఆయన విజిటింగ్ కార్డు మీద కూడా పాత బండ్ల కన్సల్టెన్సీ పేరే ఉంటుంది. ఊరి బయట రేకుల షెడ్డు, ముందు వరుసలో కడిగి నిలబెట్టిన కార్లు, వెనక మూలన ఒక జీపు: ఇదీ రంగస్థలం. నాయకుడు హైదరాబాదులో సాఫ్ట్‌వేర్ కొలువు చేసే యువకుడు. ఆదివారాలు అనంతగిరి కొండల వైపు మట్టిదారుల్లో తిరగాలని కోరిక పుట్టి, కొత్త థార్ ధర విని నిట్టూర్చి, ఆ మూలనున్న పాత మహీంద్రా ఎమ్.ఎమ్. 540 మీద చెయ్యి వేశాడు. వేసిన చెయ్యి ఇంకా తియ్యలేదు. అది గమనించి కవి ఈ పద్యం ఆశువుగా చెప్పాడు.

మూలంలో లేనిది రాయనన్నది మన కొల్చారం మల్లినాథ సూరి పెట్టుకున్న నియమం. ఆ మహానుభావుడికి కనీసం మూలం చేతిలో ఉండేది. మనకు చూపించింది జిరాక్సు.

ప్రతిపదార్థం

సారు = ఓ కొనుగోలుదారుడా; బండి = ఈ జీపు; బాగుంది = (రంగు ఆరి నాలుగు రోజులే అయినది కనుక) చూడముచ్చటగా ఉన్నది; ఒకచేతి బండి = పుస్తకమునందు ఒక్కరి పేరే కలది; పేపరు + అంతయు = సమస్తమైన కాగితములును; సిద్ధమే = ఎక్కడో ఒకచోట ఉన్నవే; పేరు మార్పు = నీ పేరు ఎక్కుట; వారమందునన్ = ఒకానొక వారమున; అగునండి = దానంతట అది జరుగును; బాబు = ఓయీ మెత్తబడినవాడా; రండి = టోకెన్ అడ్వాన్సుతో విచ్చేయుడు; నమ్మకమె కాక = (నీవు నాయందు ఉంచవలసిన) విశ్వాసమే తప్ప; కాగితాల్ = ఆర్.సి. మొదలగునవి; నడచునొక్కొ = రోడ్డు మీద నడుచునా యేమి!

తాత్పర్యం

డబ్బు ఇవాళ, కాగితాలు తర్వాత.

విశేషాలు

బాగుంది. ఈ మాట మీద ఎక్కువ చెప్పనక్కరలేదు. ఫోర్ వీల్ గేరు వేస్తే ముందు చక్రాలు నిజంగా లాగుతున్నాయా, ఫ్రేము తుప్పు పట్టిందా అన్నది మెకానిక్ చూస్తాడు. వ్యాఖ్యాత చూడవలసింది రంగు. జీపు ముదురు ఆకుపచ్చగా ఉంది. ‘మిలిటరీ డిస్పోజల్ అండీ’ అని కవి గద్యంలో అంటాడు. కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు, 1989లో 121వ నిబంధన ప్రకారం రక్షణ శాఖ బండ్లు తప్ప మరే బండీ ఆలివ్ గ్రీన్ రంగు వేసుకోకూడదు. సైన్యం వదిలేసిన బండి పౌరుడి పేర రిజిస్టర్ కావాలన్నా, సంబంధిత అధికారులు ఫారం 21లో ఇచ్చిన అసలు సేల్ సర్టిఫికెట్ జతచెయ్యాలి. అంటే మిలిటరీ బండి అనడానికి సాక్ష్యం ఆ కాగితమే. పెయింటు డబ్బా ఏ ఊళ్లోనైనా దొరుకుతుంది. రంగు చూసి మిలిటరీ బండి అని నమ్మేవాడు దాంతోపాటు ఒక నిబంధన ఉల్లంఘన కూడా కొంటున్నాడు. అది మాత్రం ఉచితం.

ఒకచేతి. పద్యానికి ప్రాణం ఈ సమాసం. పూర్వవ్యాఖ్యాతలు, అనగా షెడ్డు ఎదుటి టీకొట్టు దగ్గర నిలబడేవారు, ఇది అబద్ధమని తేల్చేశారు. వారితో ఏకీభవించలేం. ఇది అక్షరాలా నిజం, చిక్కంతా అందులోనే ఉంది. మొదటి యజమాని పేరు మార్పుకు కావలసిన ఫారం 29, ఫారం 30 మీద ఖాళీ సంతకాలు పెట్టి డబ్బు తీసుకుని వెళ్లిపోయాడు. కొన్నవాడు తన పేరు రాసుకోకుండా అవే ఫారాలతో ఇంకొకడికి అమ్మాడు. వాడు మరొకడికి. ఇలా ఎన్ని చేతులు మారినా సి-బుక్కులో, అనగా ఆర్.సి.లో, పేరు ఒక్కటే గనుక బండి ఒకచేతిదే! మధ్యనున్న చేతులన్నీ లుప్తం. వ్యాకరణంలో లోపసంధి లాంటిది.

ఈ లోపసంధిలో ఎక్కువగా నలిగేది ఎక్కడో నిశ్చింతగా ఉన్న మొదటి యజమాని. మోటారు వాహనాల చట్టం, 1988లో 2(30) సెక్షను ప్రకారం ఎవరి పేర రిజిస్టరై ఉంటే వారే యజమాని. ఒకరి తర్వాత ఒకరు కొనుక్కుంటూ పోయిన కారు ప్రమాదం చేసిన కేసులో 2018లో సుప్రీంకోర్టు ఇదే చెప్పింది: బండి ఎవరి దగ్గర ఉందో బాధితుడు వెతుక్కుంటూ తిరగనక్కరలేదు, పుస్తకంలో పేరున్నవాడే పరిహారానికి బాధ్యుడు. అమ్మినవాడు ఇంట్లో భోజనం చేస్తుంటే తన పాత జీపు ఎక్కడో ఎవరినో గుద్దిందని సమన్లు వస్తాయి. మన తెలుగువాళ్లం బండి అమ్మేటప్పుడు దిష్టి తీస్తాం, డాష్‌బోర్డు మీది దేవుడి బొమ్మ జాగ్రత్తగా ఇంటికి తెచ్చుకుంటాం. పేరు మాత్రం బండిలోనే వదిలేస్తాం.

ఇంకొక చిక్కు. ఆ పెద్దమనిషి ఈలోగా కీర్తిశేషుడయ్యాడనుకోండి. అప్పుడు ఆయన సంతకం పెట్టి ఉంచిన ఫారాలు చెల్లవు. వారసులు 30 రోజుల్లో రవాణా కార్యాలయానికి తెలియజేసి, 3 నెలల్లోగా ఫారం 31తో బండిని తమ పేర మార్పించుకోవాలి, ఆ తర్వాతే అమ్మాలి. కన్సల్టెన్సీ సొరుగులో మాత్రం ఆయన సంతకం నిన్న పెట్టినట్టు మెరుస్తూనే ఉంటుంది. ఆత్మ నశించదని గీత చెప్పినదానికి ఇంతకన్నా మంచి ఉదాహరణ ఈ వ్యాఖ్యాతకు దొరకలేదు.

ఈ ఖాళీ సంతకాల సంప్రదాయాన్ని కట్టడి చెయ్యడానికే 2023 ఏప్రిల్ 1 నుంచి పాత బండ్ల డీలర్లకు కొత్త నిబంధనలు వచ్చాయి. డీలరు రవాణా శాఖ నుంచి అనుమతి పత్రం తీసుకోవాలి. యజమాని తన బండిని డీలరుకు అప్పగించానని పోర్టల్‌లో తెలియజేస్తే, ఆనాటి నుంచి ఆ బండికి డీలరే జవాబుదారీ. కాబట్టి కవిని అడగవలసిన మొదటి ప్రశ్న బండి గురించి కాదు. ‘అయ్యా, మీకు ఆథరైజేషన్ ఉందా?’ అని అడగండి. పద్యం ఆగిపోయి గద్యం మొదలవుతుంది.

పేపరంతయు. ఏకవచనం గమనార్హం. ‘పేపర్లన్నీ’ అనలేదు. పేపరు ఒక్కటే ఉంది, దానికి ‘అంతయు’ చేర్చాడు. ఉండవలసినవి ఏమిటంటే: ఆర్.సి., బీమా, కాలుష్య పత్రం, పన్ను కట్టిన రుజువు, అప్పు మీద కొన్న బండైతే ఫారం 35, పరాయి రాష్ట్రానిదైతే ఫారం 28 అనబడే ఎన్.ఓ.సి. వీటిలో ఫారం 35 దగ్గరే చాలా జీపులు ఆగిపోతాయి. ఎప్పుడో ఒక ఫైనాన్స్ కంపెనీ దగ్గర అప్పు తీసుకున్నారు, తీర్చేశారు కూడా. కానీ ఆర్.సి. మీద హెచ్.పి. అన్న రాత అలాగే ఉంది. అది కొట్టెయ్యాలంటే కంపెనీ సంతకం, ముద్ర కావాలి. ఆ కంపెనీ ఇంకో కంపెనీలో కలిసిపోయిందో, బోర్డు తిప్పేసిందో! అప్పు తీరినా తాకట్టు తీరని బండి ఇది.

నంబరు ప్లేటు కూడా చదవాలి. ఏపీ 09 అని చూసి గుంటూరు మనిషి మన రాష్ట్రం బండే కదా అనుకుంటాడు. 09 ఖైరతాబాదుది, 2014లో రాష్ట్రం విడిపోయాక దాని రికార్డు తెలంగాణ రవాణా శాఖ దగ్గర ఉంది. ఇక ప్లేటు మీద డీఎల్ ఉంటే కథ వేరు. పదేళ్లు దాటిన డీజిల్ బండ్లు ఢిల్లీలో తిరగకూడదని జాతీయ హరిత ట్రైబ్యునల్ 2015లో ఆదేశించింది, 2018లో సుప్రీంకోర్టు దాన్ని సమర్థించింది. అక్కడ చవగ్గా దొరికే బండి ఇక్కడికి దిగుతుంది. దిగిన బండి 12 నెలలకు మించి ఇక్కడే ఉంటే ఇక్కడి నంబరు తీసుకోవాలి, లైఫ్ ట్యాక్స్ ఇక్కడ మళ్లీ కట్టాలి. ఢిల్లీ ధర విని సంతోషించినవాడు ఈ పన్ను కూడా కలిపి సంతోషించడం మంచిది.

సిద్ధమే. శాస్త్రంలో సిద్ధం వేరు, సాధ్యం వేరు. ఉన్నది సిద్ధం, ఇకమీదట తెచ్చుకోవలసింది సాధ్యం. ఎన్.ఓ.సి. విషయంలో కవి సాధ్యాన్ని సిద్ధంగా చెప్పాడు. దీన్ని దోషమనాలో అలంకారమనాలో లాక్షణికులు తేల్చాలి. పోలీసులైతే ఇంకో పేరు పెడతారు.

అన్నిటికన్నా అసలైన పత్రం జీపు ఒంటి మీదే ఉంది. ఫ్రేము మీద కొట్టిన ఛాసిస్ నంబరును కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది అచ్చు తీసి, ఆర్.సి.తో అక్షరం అక్షరం పోల్చాలి. జీపు విప్పదీసి మళ్లీ కట్టడానికి వీలైన బండి. హర్యానాలోని మండీ డబ్వాలీకి కొత్తగా జీపులు కట్టడంలో దేశమంతటా పేరుంది. కట్టినది ఎంత బాగున్నా, ఒక బండి పుస్తకం పెట్టుకుని ఇంకో బండి నడుస్తుంటే పేరు మార్చేవాడు దొరకడు. తయారీదారు ఇచ్చిన వివరాలకు భిన్నంగా బండిని మార్చడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను ఒప్పుకోదని 2019లో సుప్రీంకోర్టు కూడా స్పష్టం చేసింది. లావు టైర్లు, కోసిన బాడీ, వేరే ఇంజను చూసి మురిసేవారు ఈ వాక్యం రెండుసార్లు చదువుకోగలరు. నంబరు దగ్గర గీకిన గుర్తో, వెల్డింగో కనబడితే అక్కడితో ఆపేయండి. అది దొంగబండి అయితే మీరు ఎంత నిజాయితీగా కొన్నా మీది కాదు. అమ్మినవాడికున్న హక్కును మించి కొన్నవాడికి రాదని వస్తువుల విక్రయ చట్టం 1930లోనే చెప్పింది.

పేరు మార్పు అగునండి. ‘చేసెదను’ అనలేదు, ‘అగును’ అన్నాడు. కర్త లేని క్రియ. మోటారు వాహనాల చట్టంలో మాత్రం కర్తలిద్దరున్నారు. 50వ సెక్షను ప్రకారం అమ్మినవాడు ఇదే రాష్ట్రంలో అయితే 14 రోజుల్లో, పరాయి రాష్ట్రమైతే 45 రోజుల్లో తెలియజేయాలి. కొన్నవాడు 30 రోజుల్లో. దానంతట అది అయ్యేది ఏదీ లేదు. బీమా కూడా అంతే: ఎదుటివారికి జరిగిన నష్టానికి పాలసీ బండి కొన్నవాడి వెంట వస్తుంది గానీ, సొంత జీపు బురదలో బోల్తా పడితే పేరు మార్చని పాలసీ పనికిరాదు. ఆఫ్‌రోడ్ బండికి బోల్తా పడటం అరుదైన సంగతి కాదు గదా. పైగా 15 ఏళ్లు నిండిన జీపుకు రిజిస్ట్రేషన్ గడువే తీరిపోయి ఉండవచ్చు. అది ముందు 5 ఏళ్లకు పొడిగించాలి. కారు కోవకు చెందిన బండికి ఆ రుసుము 2022 ఏప్రిల్‌లో 600 నుంచి 5,000 రూపాయలైంది.

వారమందున. ఏడు రోజులని అర్థం చెప్పుకోవడం పామరుల పద్ధతి. ఆదివారం, సోమవారం అన్నప్పటి వారమే ఇక్కడ వివక్షితం. అంటే ఏదో ఒక వారం నాడు. ‘మాసమందున’ అని ఒక పాఠాంతరం ఉంది. అది సత్యానికి మరికాస్త దగ్గరే, కానీ తరువాతి ‘బాబు’తో యతి కుదరదు. కవి సత్యాన్ని విడిచి యతిని కాపాడుకున్నాడు.

బాబు. మొదటి పాదంలో సారు, మూడో పాదానికి బాబు. ఈ రెంటి నడుమ కొనుగోలుదారుడు ఒకసారి డ్రైవరు సీట్లో కూర్చుని దిగాడని ఊహించాలి.

నమ్మకమె గాక. అర్థాంతరన్యాసం: విశేషాన్ని సామాన్యంతో సమర్థించడం. రసం విషయంలో భేదాభిప్రాయాలున్నాయి. కొనుగోలుదారుడికి శృంగారం, అందులోనూ ఆర్.సి. చేతికి రాదు గనుక విప్రలంభం. కొడుకు అడ్వాన్సు కట్టొచ్చాడని విన్న తండ్రికి రౌద్రం. కవికి శాంతం. ఈ నమ్మకం ఒకవైపే నడుస్తుందన్నది గమనించాలి. నమ్మకమే అన్న కవి ఇచ్చిన నోట్లను మిషన్లో వేసి లెక్కపెడతాడు, అయిదువందల నోటును వెలుతురుకెత్తి చూస్తాడు. కాగితాలను అంత శ్రద్ధగా చూడగలవాడు ‘కాగితాలు నడుస్తాయా’ అనడం వింతే.

నడచునొక్కొ. నడుస్తాయి. రిజిస్ట్రేషన్ లేకుండా తిరిగే బండిని ఆపి పట్టుకునే అధికారం 207వ సెక్షను పోలీసులకు ఇచ్చింది. ఏ కొండనైనా ఎక్కగల జీపు అక్కడ టోయింగ్ బండి ఎక్కి స్టేషను ఆవరణకు వెళ్తుంది.

కాబట్టి పాఠకులకు మనవి. సి-బుక్కులో పేరున్న మనిషిని ఎదురుగా కూర్చోబెట్టి, గుర్తింపు కార్డు చూసి, డబ్బు ఆయన ఖాతాకే పంపండి; పేరు మారేదాకా కొంత సొమ్ము మీ దగ్గరే ఉంచుకోండి. ఆయన ఊళ్లో లేడంటే, ‘సంతకాలు నా దగ్గరున్నాయి కదా’ అంటే, జీపు మీది చెయ్యి తీసెయ్యండి. ఎమ్.ఎమ్. 540లు దేశంలో ఇంకా చాలానే ఉన్నాయి.