మూలఁ బడిన పెట్టె: టీకా తాత్పర్య సహితం

అవతారిక

వ్యాఖ్యకు కూర్చున్నవాడు ముందుగా కవి ఎవరో, కాలమేదో తేల్చాలంటారు. ఈ పద్యం ఒక కరెంటు బిల్లు వెనక పెన్సిలుతో రాసి దొరికింది. దస్తూరీ నాదాన్నే పోలి ఉంది గాని, పోలికను బట్టి కర్తృత్వం అంటగట్టడం మర్యాద కాదు. కాలనిర్ణయానికి మాత్రం ఇబ్బంది లేదు. విండోస్ 10కి మామూలు మద్దతు గడువు 2025 అక్టోబరు 14న తీరింది. మా ఇంటి డెస్క్‌టాప్ మూలకు చేరింది ఆ దీపావళి బూజులు దులిపేటప్పుడే. కవి అంతకు ముందువాడు కాడు.

కొలిచెలమ ఇంటిపేరుగా గల మన మల్లినాథసూరి కాళిదాసుకు వ్యాఖ్య రాస్తూ, ఆధారం లేనిది రాయననీ అక్కర్లేనిది చెప్పననీ ఒట్టు పెట్టుకున్నాడు. మొదటి దానికి నేనూ సిద్ధమే. రెండోది నా వల్ల కాదు.

మూలం

ఆ.వె.
మూలఁ బడిన పెట్టె మూఁగవోయిన నేమి
తీగ నొకటి గుచ్చి తెరువుఁ జూప
నింటివారి కెల్ల నిచ్చును ఫోటోలు
విద్యుదున్న వరకు వేల్పుటావు

ప్రతిపదార్థం

మూలన్ పడిన = గదిలో బీరువాకీ కిటికీకీ మధ్య, మడతమంచం వెనక చేరిన. 'ఇడిన' అనవచ్చు, గణాలూ చెడవు. 'పడిన' అనడంలోనే కవి నిజాయితీ ఉంది. దాన్ని అక్కడ ఎవరూ పెట్టలేదు. హాల్లోంచి వరండాకి, వరండాలోంచి అటకకి, అటక మీంచి మళ్ళీ కిందికి, దానంతటదే వచ్చి పడింది.

పెట్టె = 2011లో కొన్న డెస్క్‌టాప్. నాలుగు జీబీల ర్యామ్, ఐదువందల జీబీల హార్డ్ డిస్క్. లోకం దీన్ని 'సీపీయూ' అంటుంది. అసలు సీపీయూ లోపల ఫ్యాను కింద దాక్కున్న, అగ్గిపెట్టెలో పట్టే ముక్క. అవయవం పేరుతో అవయవిని పిలవడం లక్షణావృత్తి; రిపేరు షాపు కుర్రాళ్ళకి ఇది చదవకుండానే వచ్చు. పక్క రేకు విప్పితే రెండు బల్లిగుడ్ల పెంకులు రాలాయి. ఫ్యాను రెక్కలకు పట్టిన దుమ్ము బూడిదరంగు దుప్పటి ముక్కలా ఒక్క పెట్టున ఊడి చేతికొచ్చింది.

మూఁగవోయినన్ = బటన్ నొక్కితే ఫ్యాను తిరిగి, తెర మాత్రం నల్లగా ఉండిపోయినా. దీనికి ప్రసిద్ధమైన మందు ఒకటుంది. ర్యామ్ పట్టీ ఊడదీసి, దాని బంగారురంగు పళ్ళను పిల్లల రబ్బరుతో తుడిచి, 'టక్' మనేదాకా నొక్కి పెట్టాలి. మా అమ్మాయి జామెట్రీ బాక్సులోని రబ్బరు వాడాను. మాట వచ్చింది. వచ్చిన మొదటి మాట ఇది: "కీబోర్డు కనబడలేదు. కొనసాగడానికి ఎఫ్1 నొక్కండి."

ఇది విరోధాభాసమని తొందరపడి అనేవారున్నారు. కాదు. విరోధాభాసంలో పైకి కనిపించే విరోధం ఆలోచిస్తే విడిపోతుంది. ఇక్కడ ఎంత ఆలోచించినా విడిపోదు. బయోస్‌లోకి వెళ్ళి 'ఏ తప్పు కనబడ్డా ఆగవద్దు' అని మార్చాల్సిందే. ఇంట్లోవాళ్ళకి ఫైళ్ళు పంచే సర్వర్ అయ్యాక పెట్టెకి తెరా కీబోర్డూ ఉండవు కనుక ఈ మార్పు తప్పనిసరి. చేశాను. మర్నాడు కరెంటు పోయి వచ్చాక మళ్ళీ అదే మాట! గడియారం చూస్తే 2009 జనవరి 1 అంటోంది. మదర్‌బోర్డు మీద రూపాయి బిళ్ళంత బ్యాటరీ ఉంటుంది, సీఆర్2032, మూడు వోల్టులది. అది చచ్చిపోతే పెట్టె తేదీతో పాటు మనం చెప్పిన బుద్ధులన్నీ మర్చిపోతుంది. వాచీల కొట్లో కొత్తది దొరికింది.

ఏమి = ఏమైంది? అని ధీమా. ఇదే మాట మా ఆవిడ గుమ్మంలో నిలబడి అంటే అర్థం వేరుగా ఉంటుంది. కాకువును బట్టి గ్రహించాలి.

తీగన్ ఒకటిన్ గుచ్చి = ఒక లాన్ కేబుల్ రౌటర్‌కి తగిలించి. 'ఒకటి' అన్నది పైచూపు. గొట్టంలాంటి ఆ తొడుగులో ఎనిమిది తీగలు, నాలుగు జంటలు. ఎనిమిదీ ఆడితేనే గిగాబిట్. రెండు జంటలే ఆడితే వంద మెగాబిట్లు. ఈ భేదం తెలియక ఒక ఆదివారం పోగొట్టుకున్నాను. పెళ్ళి వీడియోలు నలభై జీబీలు ఎక్కిస్తుంటే సెకనుకు పదకొండు ఎంబీలే కదులుతోంది. గంట పైన పట్టేటట్టుంది. డిస్కును తిట్టాను, పెట్టెలో వేసిన డెబియన్ లైనక్స్‌ను తిట్టాను. చివరికి కేబుల్ మొనను కళ్ళకు దగ్గరగా పెట్టి చూస్తే, ఎప్పుడో ఎవరో బిగించిన ఆ ప్లాస్టిక్ కొక్కెంలో నాలుగు తీగలే ఉన్నాయి, తక్కిన నాలుగూ మొదట్లోనే కత్తిరించి ఉన్నాయి. కొత్త కేబుల్ వేస్తే అదే పని ఏడెనిమిది నిమిషాల్లో అయింది.

తెరువున్ చూపన్ = దారి చూపించగా. అనగా ఐపీ అడ్రస్ స్థిరంగా కేటాయించగా. 192.168తో మొదలయ్యే సంఖ్యలు ఎవరి ఇంట్లో వాళ్ళు వాడుకోవడానికి 1994లో కేటాయించి పెట్టినవి. అందుకే మా ఇంట్లోనూ పక్కింట్లోనూ అదే అడ్రసు ఉన్నా తగువు రాదు. రౌటర్ తన ఇష్టానికి ఇవాళొక నంబరు, రేపొక నంబరు ఇస్తుంది. పద్నాలుగో నంబరు పెట్టెకే అట్టిపెట్టమని రౌటర్‌కి చెప్పుకోవాలి. చెప్పకపోతే వారానికోసారి "నాన్నా, ఫోటోలు పోయాయి" అనే కేక వినాలి. పోయింది ఫోటోలు కావు, తెరువు.

ఇంటివారికి ఎల్లన్ = ఇంట్లోవాళ్ళందరికీ. ఈ పదం చిన్నదిగా కనబడుతుంది గాని పద్యమంతటిలో కష్టమైన చోటు ఇదే. 'ఇంటివారు' ఎవరు? వైఫై పాస్‌వర్డ్ తెలిసిన ప్రతివాడూనా? అలాగైతే పైవాటా వాళ్ళబ్బాయి కూడా ఇంటివాడే. చూడ్డానికి హక్కా, మార్చడానికి కూడానా? ఉమ్మడి ఆస్తి పంపకాల్లో వచ్చే ప్రశ్నలే ఇక్కడా వచ్చాయి. మా ఆవిడ ఫోల్డర్ ఆమెది. అందులో నేను చదవగలను, రాయలేను. మా అమ్మాయి ఫోల్డర్‌ను నేను చదవను కూడా చదవలేను. సర్వర్ నాది, డిస్కు నాది, తాళం అమ్మాయిది. లైనక్స్‌లో అసలు యజమాని రూట్ అనే ఖాతా కదా, రూట్‌కి అన్నీ కనబడవా అని శంక. కనబడతాయి. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు.

ఇంకో చిక్కు. ఫైళ్ళు పంచే ప్రోగ్రాము సాంబాలో (దాని కథ కింద వస్తుంది) ఒకే మనిషికి రెండు పాస్‌వర్డులు: లైనక్స్‌లో ఒకటి, సాంబా లెక్కలో ఇంకొకటి. మొదటిది పెట్టి రెండోది మరిచిపోతే, సరైన పాస్‌వర్డే కొట్టినా తప్పంటుంది. నా చేత పదిహేనుసార్లు అనిపించుకుంది.

ఇచ్చును = పంచిపెట్టును. పంచే ప్రోగ్రాము పేరు సాంబా. ఇక్కడ వ్యుత్పత్తి విచారం అవసరం. అంబతో కూడినవాడు సాంబుడు, అర్ధనారీశ్వరుడిలా విండోస్‌నూ లైనక్స్‌నూ ఒక్క ఒంట్లో కలిపినవాడు కనుక ఆ పేరు వచ్చిందని సులభంగా చెప్పేయవచ్చు. వినసొంపుగా ఉంది. పూర్తిగా అబద్ధం. ఆస్ట్రేలియాలోని కాన్‌బెర్రాలో ఆండ్రూ ట్రిడ్జెల్ అనే పరిశోధక విద్యార్థి, యూనిక్స్ యంత్రం డాస్ యంత్రాలతో ఫైళ్ళు పంచుకునేటట్టు చేసే ప్రోగ్రామును 1991-92 సంధిలో మొదలుపెట్టాడు. ఆ యంత్రాలు మాట్లాడుకునే భాషకు ఎస్ఎంబీ అని పేరు, ఐబీఎంలో పుట్టింది. తన ప్రోగ్రాముకు ట్రిడ్జెల్ అంతకు ముందు పెట్టుకున్న పేరు అప్పటికే ఇంకొకరి ట్రేడ్‌మార్క్ అయింది. అప్పుడాయన కంప్యూటర్‌లో ఉన్న నిఘంటువును జల్లెడపట్టి, ఎస్, ఎం, బీ అక్షరాలు అదే వరసలో వచ్చే మాటలు ఏరాడు. అందులో దొరికింది సాంబా, బ్రెజిల్ నాట్యం. సరైన వ్యుత్పత్తి ఇదే అని ఎంత చెప్పినా మా అమ్మ పెట్టెని 'సాంబయ్య' అనే పిలుస్తుంది. "సాంబయ్య లేచాడా?" అంటే కరెంటు వచ్చాక పెట్టె తనంతట తాను మొదలైందా అని అర్థం. పెట్టెకు నేను ఇచ్చిన గంభీరమైన పేరు ఒకటుంది. ఎవరూ వాడరు.

ఫోటోలు = ఉపలక్షణం. ఫోటోలన్నప్పుడు వీడియోలు, ఆధార్ కార్డుల స్కానులు, నాన్నగారి పెన్షన్ కాగితాలు, 2013 నాటి నా రెజ్యూమె, అన్నీ వస్తాయని తెలుసుకునేది.

విద్యుత్ ఉన్న వరకు = స్పష్టం. అయినా ఒక లెక్క. తీరిగ్గా ఉన్నప్పుడు మా పెట్టె యాభై వాట్లు తింటోంది. రోజుకి 1.2 యూనిట్లు, నెలకి 36. కొత్త చిన్న యంత్రాలు ఇందులో అయిదో వంతుతో సరిపెట్టుకుంటాయి. పాతది ఊరికే దొరికిందనుకున్నవాడు దాన్ని నెలనెలా కొద్దికొద్దిగా కొంటూనే ఉంటాడు. పద్యాన్ని కవి కరెంటు బిల్లు వెనకే ఎందుకు రాశాడో ఇప్పుడు విశదం.

వేల్పుటావు = కామధేనువు. కామధేనువు ఇంట్లో ఉందని ఊళ్ళో చెప్పుకుంటే ఏమవుతుందో వసిష్ఠుడిని అడగాలి. ఎస్ఎంబీ తలుపును ఇంటర్నెట్ వైపు తెరవకూడదు. 2017 మేలో వానాక్రై అనే పురుగు ప్రపంచమంతా పాకింది ఈ తలుపు సందులోంచే, అందులోనూ పాత మొదటి ఎస్ఎంబీలో ఉన్న కంతలోంచి. మా హాల్లోని టీవీకి ఆ పాత ఎస్ఎంబీ ఒక్కటే వచ్చట. దానికి ఫోటోలు వేరే దారిన అందేటట్టు పెట్టాను గాని ఆ మొదటి ఎస్ఎంబీని మాత్రం లేపలేదు.

తాత్పర్యం

పనికిరాని కంప్యూటర్‌ను పారేయకుము.

విశేషాలు

తాత్పర్యం అంతే గాని, కవి ఒక మాట దాటేశాడు. వేల్పుటావు ఇస్తుందన్నాడు, దాస్తుందనలేదు. దాచడం వేరే పని. ఈ సంగతి మన తాళపత్రాల వాళ్ళకు తెలిసినంత మనకు తెలియదు. ఆకు చెదపట్టకముందే ఇంకో ఆకు మీదికి ఎత్తి రాసుకునేవారు. 1829లో వేమన పద్యాలు అచ్చువేసిన సి.పి. బ్రౌన్, ఊళ్ళ నుంచి రాతప్రతులు తెప్పించి, కడపలోని తన బంగళాలో పండితులనూ లేఖకులనూ జీతాలిచ్చి కూర్చోబెట్టి, ప్రతితో ప్రతి పోల్పించి శుద్ధప్రతులు రాయించాడు. ఒక్క ప్రతినే నమ్ముకుని ఉంటే ఆ చెదపురుగు ఎంత చెబితే అంతే మనకు దక్కేది.

రెండు డిస్కులు పక్కపక్కన పెట్టి అద్దం పట్టినట్టు నడిపితే చాలదా అని శంక. అద్దంలో బొమ్మ ప్రతి కాదు. పొరపాటున ఒక ఫోల్డర్ చెరిపితే రెండు డిస్కుల్లోనూ అదే క్షణాన పోతుంది. ప్రతి అంటే వేరే చోట ఉండాలి. మా ప్రతి ఒక యూఎస్‌బీ డిస్కులో, మా తమ్ముడింట్లో, వాళ్ళ దేవుడి గది అల్మారాలో ఉంది. నెలకోసారి వాణ్ణి చూసే వంకతో తెచ్చి, నింపి, ఇచ్చి వస్తుంటాను.

ఈ జ్ఞానం ఆలస్యంగా కలిగింది. 2011 నాటి పాత డిస్కును ఖాళీ చేస్తున్నప్పుడు 2014 వేసవి ఫోల్డర్ దగ్గర అది కరకరలాడి ఆగింది. నూట అరవై ఫోటోల్లో పదకొండు వచ్చాయి. పాత పుస్తకాల్లో పత్రాలు ఊడిన చోట పరిష్కర్తలు పెట్టే మాట ఒకటుంది కదా, సర్వర్‌లో ఆ పదకొండు ఫోటోల పక్కన అదే పేరుతో ఖాళీ ఫోల్డర్ పెట్టాను: 'ఇచ్చట గ్రంథపాతము'.

పాఠాంతరం

మూడో పాదంలో 'ఇచ్చును ఫోటోలు' అన్నచోట 'ఇచ్చును చిక్కులు' అని మా ఆవిడ పాఠం. త గణం పోయి భ గణం వస్తుంది, అదీ ఇంద్రగణమే. ఛందోభంగం లేదు, అర్థభంగం అసలే లేదు. దాన్ని త్రోసిపుచ్చడానికి నాకు శాస్త్రంలో ఆధారం దొరకలేదు.

ఇంకో పాఠాంతరం ఫైలు పేర్లలో వచ్చింది. ఫోటోలన్నీ కెమెరా పెట్టిన నంబర్లతో ఉన్నాయి. మొన్న టీవీలో ఒక్కొక్కటే తిప్పుతుంటే అమ్మ ఆపించింది. పాత నలుపు తెలుపు ఫోటోకి తీసిన స్కాన్. పేరు ఐఎంజీ 0417. నుయ్యి, గిలక, గట్టు మీద బోర్లించిన బిందె, పక్కన రెండు జడల పిల్ల. "ఆ బిందెకు సొట్ట చూశావా? అది నేను పడేసిందే. కాదు, మీ పెద్దమ్మ. ఆ వోణీ నాదే గానీ అది కట్టుకునేదిరా." నేను రిమోట్ పక్కన పెట్టి లాప్‌టాప్‌లో ఫైలుకు తెలుగులో పేరు మార్చాను: 'నూతి దగ్గర అమ్మ? పెద్దమ్మ?' లైనక్స్ కాబట్టి సర్వర్ ఒప్పుకుంది. మా అమ్మాయి తన విండోస్‌లో తెరిస్తే ఆ పేరు స్థానంలో ఏవో అర్థంలేని అక్షరాలు, ఒక అలల గీత, ఒక అంకె. విండోస్ ఫైలు పేర్లలో ప్రశ్నార్థకం నిషిద్ధం. అలాంటి పేరు తగిలితే సాంబయ్య తనకు తోచిన పొట్టిపేరు పెట్టి పంపిస్తాడు. సరేనని ప్రశ్నార్థకాలు తీసి 'పెద్దమ్మ లేక అమ్మ, నూతి దగ్గర' అని మార్చి చదివి వినిపించాను.

"లేకలూ గీకలూ ఎందుకురా? నా పేరు ముందు పెట్టు" అంది అమ్మ, టీవీ మీంచి కళ్ళు తిప్పకుండానే.