పైపుల బాబాయి

పల్నాడులో నరసరావుపేట మొదలుకొని మాచర్ల, గురజాల దాకా పైపుల దుకాణమున్న ఏ బజారులోనైనా తారసపడే పెద్దమనిషి పైపుల బాబాయి. ఆయనకు దుకాణంలో వాటా లేదు, కంపెనీలో కొలువు లేదు, అయినా మిరప చేనుకు డ్రిప్పు గొట్టాలో, బోరుకు హెచ్‌డీపీఈ పైపో కొనవచ్చిన రైతు “బాబాయ్, ఒక్కసారి చూసి చెప్పు” అననిదే బేరం తెగదు. హెచ్‌డీపీఈ అంటే అధిక సాంద్రత గల పాలిథిలీన్ అని ఆయనకు తెలియకపోవచ్చు గాని, అంతమాత్రాన తీర్పు చెప్పకూడదని ఆయన ఏనాడూ అనుకోలేదు.

ఆయన ముందుగా బొటనవేలి గోరు గుచ్చి, మోకాలికి ఆనించి వంచి, వాసన చూసి, చివరికి అగ్గిపుల్ల గీసి అంచు కాలుస్తాడు. ఈ చివరి పరీక్షలో శాస్త్రం లేకపోలేదు: పాలిథిలీన్ మైనపు వాసనతో చుక్కలుగా కారుతూ మండుతుంది, పీవీసీ మంట తీయగానే ఆరి ఘాటు పొగ విడుస్తుంది, కనుక అది ఏ ప్లాస్టిక్కో ఇందువల్ల తేలుతుంది. ఎన్నాళ్ళు మన్నుతుందో మాత్రం తేలదు, బాబాయి చెప్పేది సరిగ్గా అదే: “పదిహేనేళ్ళు తిరిగి చూడక్కర్లేదబ్బాయ్!”

ప్లాస్టిక్ ఆయుష్షును హరించే వాటిలో ముఖ్యమైనది ఆక్సీకరణ; అంటే వేడి, వెలుతురు తోడుకాగా గాలిలోని ఆక్సిజన్ పాలిమర్ల పొడవాటి అణు గొలుసులను తెంచి గొట్టాన్ని పెళుసుబార్చడం. దీన్ని వాయిదా వేయడానికి తయారీలో కొద్దిపాటి యాంటీ ఆక్సిడెంట్లు కలుపుతారు. అవి ముందుగా తామే ఖర్చవుతూ గొలుసులను కాపాడతాయి. ఆ రక్షణ ఏపాటిదో చూడడానికి, విజయవాడ దగ్గరి సూరంపల్లిలో ఉన్న సీపెట్ వంటి ప్లాస్టిక్ సాంకేతిక సంస్థల్లో అనుసరించే పద్ధతి ప్రకారం, కొన్ని మిల్లీగ్రాముల ముక్కను చిన్న అల్యూమినియం గిన్నెలో పెట్టి, నైట్రోజన్ వాయువులో 200 డిగ్రీల సెల్సియస్‌కు వేడిచేసి, ఆపై ఆక్సిజన్ వదిలి, ముక్క తనంతట తాను వేడిని వెలువరించడం మొదలుపెట్టేదాకా నిమిషాలు లెక్కిస్తారు. దీనిని ఆక్సీకరణ ప్రేరణ కాలం అంటారు. తాగునీటి పాలిథిలీన్ పైపులకు భారతీయ ప్రమాణం ఐఎస్ 4984 ప్రకారం అది 20 నిమిషాలకు తగ్గరాదు. బాబాయి తీర్పుకు పట్టేది అర నిమిషం, అందులో సగం అగ్గిపెట్టె వెతకడానికే పోతుంది. ఇన్ని నిమిషాలు వచ్చాయి గనుక పొలంలో ఇన్నేళ్ళు ఉంటుందని ప్రయోగశాల కూడా చెప్పదు. అంత ధైర్యం బాబాయికే ఉంది.

నలుపు మీద ఆయనకు అపారమైన గురి. నల్ల పైపులో రెండు మూడు శాతం ఉండే కార్బన్ బ్లాక్ అనే మసిపొడి ఎండలోని అతినీలలోహిత కిరణాలను అడ్డుకుంటుందన్నది నిజమే గాని, పాత ప్లాస్టిక్ కరిగించి పోసిన మారు సరుకు కూడా నల్లగానే నిగనిగలాడుతుంది. కరిగించిన ప్రతిసారీ యాంటీ ఆక్సిడెంట్లు కొంత తరిగిపోతాయి, ఆ తరుగు గోటికి అందదు.

ఎండలకు పేరుమోసిన రెంటచింతల ఈ పల్నాడులోనిదే కావడంతో అసలు పరీక్ష వేసవి పెడుతుంది. గొట్టం పగిలిందని రైతు వస్తే బాబాయి చలించడు; “సరుకు మంచిదే, ఎండలో పడేసింది నువ్వు” అంటాడు. చిక్కేమిటంటే, అందులో సగం నిజముంది.

కొనబోయే రైతు ఐఎస్ఐ గుర్తుతో పాటు అచ్చయిన లైసెన్సు సంఖ్యను బీఐఎస్ కేర్ యాప్‌లో సరిచూసుకుని, ఆ బ్యాచ్ పరీక్ష నివేదికను దుకాణంలో అడిగి తీసుకోవాలి. బాబాయికి టీ ఆ తరువాత ఇప్పించవచ్చు.