కిట్టు డబ్బా చదువులు

ఏరా అబ్బాయ్, తల్లిపాలలోంచి డీఎన్ఏ తీయడానికి ఒక్క పూట చాలంటావా! పొద్దున డబ్బా మూత తీస్తావు, భోజనానికి లేచేసరికి పని అయిపోతుంది. మా రోజుల్లో రెండు రోజులు పట్టేది. ఆ రెండు రోజులూ పాల దగ్గరే కూర్చునేవాళ్లం కాబట్టి పాలంటే ఏమిటో తెలిసేది.

ముందు చల్లటి సెంట్రిఫ్యూజ్‌లో తిప్పేవాళ్లం. కవ్వం ఆడాక వెన్న తేలినట్టు కొవ్వు పైకొచ్చి గట్టిపడేది. నడుమ పలచటి నీళ్లపాలు. అడుగున ఉందా లేదా అన్నట్టు కణాల ముద్ద. తల్లి రొమ్ము కణాలు, తెల్లరక్తకణాలు ఆ కాస్తలోనే ఉండేవి. దాన్ని బఫర్‌తో కడిగి, మళ్లీ తిప్పి, మళ్లీ కడగడం. కేసీన్, కాల్షియం మిగిలిపోతే పీసీఆర్ మొరాయిస్తుంది మరి. మీరేమో ఒక్కసారి కడిగి సరిపెట్టేసి, ఆనక ప్రైమర్లను తిట్టుకుంటారు.

ఆపైన ఎస్‌డీఎస్, ప్రోటీనేజ్-కె వేసి 55 డిగ్రీల దగ్గర రాత్రంతా వదిలేవాళ్లం. తెల్లారాక ఫినాల్, క్లోరోఫాం. ఫినాల్ పడితే చెయ్యి కాలిపోయేది, వాసన చొక్కాతో పాటు ఇంటికొచ్చేది. ఆ బాధ మీకు తప్పింది, సంతోషమే, కాదనను. కానీ రెండు పొరల మధ్య తెల్లగా నిలబడే ప్రోటీన్ తెరను కదపకుండా పైనీళ్లు మాత్రం పీల్చుకోవడం ఉందే, అది చేతికి రావాల్సిన విద్య. పాలు సరిపడా ఉండి, చల్లటి ఆల్కహాల్ పోస్తే తెల్లటి పోగులు కళ్ల ముందే తేలేవి. మీ సిలికా గొట్టంలో ఏం కనిపిస్తుందిరా?

ఆర్ఎన్ఏకి 1987లో చోమ్‌చిన్‌స్కీ, సాకీ చెప్పిన ఆమ్ల ఫినాల్ పద్ధతే మాకు దిక్కు. 1990లో బూమ్ బృందం సిలికా దారి చూపించింది, అక్కణ్ణుంచి డబ్బాల రాజ్యం మొదలు. డబ్బాతో వచ్చిన కాగితంలో లేదని కొవ్వు పొరను సింకులో పోసేస్తున్నారు! కణంలోంచి కొవ్వుబొట్టు బయటపడేటప్పుడు ఆ కణం లోపలి ద్రవం కాస్త దానికి అంటుకుని వస్తుంది. పాలు తయారుచేసే కణం ఏం చేస్తోందో చెప్పే ఆర్ఎన్ఏ అందులోనే ఉంటుంది. ఆ తల్లి కబురంతా తూములో పోయిందన్నమాట.

ఇక పాలలో బాక్టీరియా వెతికేవాళ్ల సంగతి. అసలే అవి కొద్దిగా ఉంటాయి. కిట్లలోని ద్రావణాల్లోనే బాక్టీరియా డీఎన్ఏ ఉంటుందనీ, నమూనాలో సరుకు తక్కువైతే అదే పైకి తేలుతుందనీ 2014లో సాల్టర్ బృందం తేల్చి చూపింది. అయినా డబ్బాలో ఉన్నదాన్ని తల్లిపాలలో దొరికిందని రాసుకుంటే ఎలా?

ముసలాడి చాదస్తం అనుకుంటే అనుకో. ఆ పాలు ఒక తల్లి బిడ్డ వాటాలోంచి తీసి ఇచ్చినవి. డబ్బాయే వాడుకో, ఫరవాలేదు. పక్కన పాలు లేని ఖాళీ గొట్టం కూడా ఒకటి పెట్టి, మొదటి నుంచి చివరిదాకా దాన్నీ నడుపు. కొవ్వు మాత్రం పారబోయకు.